అద్దెకు తీసుకున్న ఫామ్‌హౌస్‌లో అమ్మ పడిపోయింది, ఓనరు బోర్డు చూపిస్తున్నాడు: ఇప్పుడు ఏం చేయాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. వికారాబాద్ దగ్గర ఒక ఫామ్‌హౌస్‌ను యాప్ ద్వారా రెండు రాత్రులకు 18 వేల రూపాయలు కట్టి తీసుకున్నారు. బయటి మెట్లు దిగుతూ మీ అమ్మగారు రెయిలింగ్ పట్టుకుంటే అది గోడలోంచి ఊడి వచ్చింది. ఆమె మెట్ల పక్కకు పడిపోయారు. తుంటి ఎముక విరిగింది, హైదరాబాద్‌లో ఆపరేషన్ చేసి రాడ్డు వేశారు. మూడు వారాలైంది. ఓనరేమో "జరిగే ప్రమాదాలకు యాజమాన్యం బాధ్యత వహించదు అని గేటు దగ్గరే బోర్డు ఉంది కదా" అంటున్నాడు. యాప్ వాళ్లు అద్దె వాపసు ఇస్తాం, అంతటితో ముగించండి అంటున్నారు. కేసు వేయవచ్చా, ఎక్కడ వేయాలి, పోలీసుల దగ్గరికి వెళ్లాలా, ఎంత వస్తుంది అన్నవి మీ సందేహాలు.

వేయవచ్చు. మీరు ఉండే చోటే, అక్కడి జిల్లా వినియోగదారుల కమిషన్‌లో, ప్రమాదం జరిగిన నాటి నుంచి రెండేళ్లలోపు వేయాలి. మీ కేసులో ఫీజు కూడా లేదు. ఓనరు నిర్లక్ష్యం రుజువైతే ఆ బోర్డు అతన్ని కాపాడదు. అయితే ఒక మాట. నేను హైదరాబాద్‌లో వినియోగదారుల కేసులు చూసే న్యాయవాదిని. నా అనుభవంలో ఇలాంటి కేసులు చట్టం దగ్గర ఓడిపోయేది తక్కువ, కాగితం దగ్గర ఓడిపోయేదే ఎక్కువ. ఆమె ఎందుకు పడ్డారో మొదటి రోజుల్లో ఎవరు ఏం రాశారన్నదే చివరికి తీర్పులోకి ఎక్కుతుంది. అందుకే ముందు కాగితాల సంగతి చెబుతాను, చట్టం తర్వాత.

ఆసుపత్రి రికార్డును ఈ రోజే తెప్పించుకుని చదవండి. డిశ్చార్జ్ సమ్మరీ ఒక్కటే కాదు, మొదట చూపించిన చోట క్యాజువాల్టీ డాక్టరు రాసిన చీటీ కూడా. అందులో దెబ్బ ఎలా తగిలిందో ఒక వాక్యం ఉంటుంది. మన వాళ్లలో ఒక అలవాటు ఉంది. ఎమర్జెన్సీలో అడిగినప్పుడు "పోలీసు గొడవ ఎందుకు, ఇంట్లో జారిపడింది అని చెప్పేద్దాం" అంటారు. కొన్ని ఆసుపత్రుల్లో సిబ్బందే ఆ సలహా ఇస్తారు, మెడికో లీగల్ కేసుగా రాస్తే పోలీసులకు సమాచారం పంపాలి, రిజిస్టరులో ఎక్కించాలి కాబట్టి. తర్వాత ఆ ఒక్క వాక్యమే మెడకు చుట్టుకుంటుంది. ఒక కుటుంబం నా దగ్గరకు వచ్చింది. కొండ ప్రాంతంలోని హోమ్‌స్టేలో గీజరు నుంచి షాక్ కొట్టి ఒకాయన పడిపోయి భుజం విరగ్గొట్టుకున్నాడు. చీటీలో "స్నానాల గదిలో కాలు జారి" అని ఉంది. గీజరు మాట ఎక్కడా లేదు. తర్వాత అఫిడవిట్లు ఎన్ని వేసినా ఎదుటి వకీలు ఆ చీటీనే పట్టుకున్నాడు. కేసు నిలవలేదు.

మీ అమ్మగారి చీటీలో "రెయిలింగ్ విరిగి మెట్ల మీంచి పడ్డారు" అని ఉంటే మీకు సగం భారం తీరినట్టే. లేకపోతే రికార్డును దిద్దమని అడగకండి, అది తప్పు, పైగా దొరికిపోతుంది. మెడికల్ సూపరింటెండెంటుకు నేటి తేదీతో ఒక ఉత్తరం రాయండి. ప్రమాదం నిజంగా ఎలా జరిగిందో, ఆ రోజు ఎవరు ఏ కంగారులో ఏం చెప్పారో రాసి, దాన్ని కేసు షీటుతో జతచేయమని కోరండి. అందినట్టు ముద్ర వేయించుకోండి. మూడు వారాలకు రాసిన ఉత్తరం మొదటి రోజు రాతంత బలమైనది కాదు, కానీ కేసు వేసిన తర్వాత రాసినదానికన్నా ఎన్నో రెట్లు నయం.

రెయిలింగ్ ఈపాటికి బాగుచేసే ఉంటారు. అది సహజం, నిరాశపడకండి. కొత్త వెల్డింగు, కొత్త రంగు, గోడలో తడి ఆరని సిమెంటు కూడా సాక్ష్యాలే. అన్నీ బాగానే ఉంటే మరుసటి వారమే ఎందుకు మార్చినట్టు? వెళ్లగలిగితే కుటుంబం బయటివాళ్లు ఒకరిని తీసుకెళ్లి, మెట్లన్నీ ఒకే వీడియోలో కింది నుంచి పై దాకా తీయండి. లోపలికి రానివ్వకపోతే గొడవ పడకుండా గేటు దగ్గర నుంచి వచ్చేయండి, రానివ్వలేదన్న సంగతి వాట్సాప్‌లో ఓనరుకే మర్యాదగా రాసి పెట్టండి.

ఇక మీ ఫోన్లలోనే వెతకండి. మొదటి రోజు సాయంత్రం అందరూ మెట్ల దగ్గర నిలబడి ఫోటోలు దిగి ఉంటారు. నాకు తెలిసిన ఒక కేసులో తుప్పు పట్టి గోడ నుంచి వేరుపడిన బోల్టు, పిల్లాడి పుట్టినరోజు ఫోటోలో వెనకాల స్పష్టంగా కనిపించింది. ఆ ఫోటోలను తీసిన ఫోన్లోనే అసలు ఫైలుగా ఉంచండి. వాట్సాప్‌లో అటూ ఇటూ పంపినవాటికి తీసిన సమయం వివరాలు పోతాయి. వినియోగదారుల కమిషన్లు సాక్ష్యాల చట్టాన్ని అక్షరాలా పట్టుకోవు, అయినా భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యాలకు ఇవ్వాల్సిన ధ్రువపత్రాన్ని ఫోటోలతో పాటే పెట్టేయడం మంచిది. యాప్‌లో ఆ ఫామ్‌హౌస్ పేజీని, పాత అతిథుల రివ్యూలను స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి. "మెట్లు కాస్త జాగ్రత్త" అని ఎవరో ఆరు నెలల కిందట రాసి ఉంటే, లోపం ఓనరుకు ముందే తెలుసని చెప్పడానికి అంతకంటే మంచి కాగితం దొరకదు. ఆ రివ్యూ రేపు ఉంటుందన్న నమ్మకం లేదు.

ఇప్పుడు చట్టం.

ఓనరు తరఫు వకీలు మొదట లేవనెత్తే వాదన బోర్డు గురించి ఉండకపోవచ్చు. "ఇది ఇంటి అద్దె వ్యవహారం, సేవ కాదు, ఈ కమిషన్‌కు అధికారమే లేదు" అంటాడు. వినియోగదారుల రక్షణ చట్టం 2019, సెక్షన్ 2(42)లో సేవ అంటే ఏమిటో చెబుతూ బస, భోజన వసతిని పేరు పెట్టి చేర్చారు. ఏడాదికి ఇల్లు అద్దెకు ఇవ్వడం వేరు, రెండు రాత్రులు పక్కలు వేసి, కేర్‌టేకరును పెట్టి బస ఇవ్వడం వేరు. డబ్బు మీరు కట్టారు, పడింది అమ్మగారు అన్న వాదన కూడా వస్తుంది. డబ్బు కట్టినవారి సమ్మతితో ఆ సేవను వాడుకున్నవారు కూడా అదే చట్టం ప్రకారం వినియోగదారులే. ఫిర్యాదు ఆమె పేరు మీదే వేయండి.

బోర్డు విషయానికొస్తే, సుప్రీంకోర్టు 2019 నవంబరులో ఢిల్లీ తాజ్ మహల్ హోటల్ కేసులో చెప్పింది మీకు పనికొస్తుంది. 1998లో అక్కడ వాలే పార్కింగుకు ఇచ్చిన మారుతి జెన్ కారు పోయింది. పార్కింగు చీటీ మీద "యజమాని సొంత బాధ్యత మీద" అని అచ్చువేసి ఉందని హోటల్ వాదించింది. తన వైపు నిర్లక్ష్యం ఉన్నప్పుడు అలాంటి షరతు చాటున హోటల్ తప్పించుకోలేదని కోర్టు తేల్చింది. కారుకే ఆ రక్షణ ఉంటే, మనిషి తుంటి ఎముకకు బోర్డు అడ్డం వస్తుందని నేననుకోను. అయితే జాగ్రత్తగా గమనించండి, ఆ తీర్పులో కీలకమైన మాట నిర్లక్ష్యం. బోర్డు చెల్లదు కాబట్టి డబ్బు వచ్చేస్తుందని కాదు. రెయిలింగ్ పాడైపోయిందని, కాస్త చూసుకునే యజమాని ఎవరైనా దాన్ని గమనించి బాగుచేయించేవాడని మీరు చూపించాలి. అందుకే పైన అంతసేపు ఫోటోల గురించి చెప్పాను.

యాప్ షరతుల్లో ఆర్బిట్రేషన్ ఒప్పందం (వివాదాన్ని కోర్టులో కాకుండా ప్రైవేటు తీర్పరి ముందు తేల్చుకోవాలన్న షరతు) ఉంటుంది, వివాదాలు ఫలానా నగరంలోనే అని ఉంటుంది. కంగారుపడకండి. ఆర్బిట్రేషన్ షరతు ఉన్నంత మాత్రాన వినియోగదారుల కమిషన్ తలుపులు మూసుకుపోవని సుప్రీంకోర్టు 2018 డిసెంబరులో ఎమార్ ఎంజీఎఫ్ అనే రియల్ ఎస్టేట్ కంపెనీ కేసులో ఖాయం చేసింది. ఫిర్యాదుదారు నివాసం ఉన్న చోటే కేసు వేసుకునే హక్కును 2019 చట్టం ఇచ్చింది. కాబట్టి వికారాబాద్ తిరగనక్కర్లేదు.

ఏ కమిషన్ అన్నది మీరు అడిగే పరిహారాన్ని బట్టి కాదు, సేవకు చెల్లించిన డబ్బును బట్టి ఉంటుంది. 50 లక్షల వరకు జిల్లా కమిషన్. మీరు కట్టింది 18 వేలే కాబట్టి, ఇరవై లక్షలు అడిగినా జిల్లా కమిషనే. చెల్లించిన మొత్తం 5 లక్షలు దాటకపోతే ఫీజు ఉండదు. ఆన్‌లైన్లో దాఖలు చేసుకోవచ్చు, వకీలు లేకుండా మీరే వాదించుకోవచ్చు కూడా. రంగు వెలిసిన చీర కేసుకైతే నేనే వకీలు వద్దంటాను. వైద్య రికార్డులు, డాక్టరు అఫిడవిట్ ఉన్న కేసుకు మాత్రం పెట్టుకోండి. ఒక హెచ్చరిక: వచ్చిన పరిహారంలో ఇంత శాతం నాకు అని ఎవరైనా అడిగితే లేచి వచ్చేయండి. మన దేశంలో న్యాయవాది అలా వాటా మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ నియమాలకు విరుద్ధం.

యాప్‌ను కూడా ప్రతివాదిగా చేర్చండి, కానీ దాని మీదే ఆశ పెట్టుకోకండి. "మేం కేవలం కలిపేవాళ్లం" అని వాదిస్తారు. ఆ వాదన ఎంత నిలుస్తుందన్నది యాప్ పోషించిన పాత్రను బట్టి ఉంటుంది. ఇంటిని తామే తనిఖీ చేశామని ముద్ర వేసి అమ్ముకున్నారా, ధర వాళ్లే పెట్టారా, కేర్‌టేకరు వాళ్ల మనిషా అన్నవి చూస్తారు. యాప్‌తో ఇంతకంటే పెద్ద అవసరం ఒకటుంది. ఈ-కామర్స్ నియమాలు 2020 ప్రకారం, మీరు రాతపూర్వకంగా అడిగితే సేవ అమ్మినవారి చిరునామా, ఈమెయిలు వంటి వివరాలు ఇవ్వాలి. మీ ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. ఈ ఉత్తరం వెంటనే పెట్టండి. ఎందుకంటే మీరు "ఓనరు" అంటున్న మనిషి ఓనరు కాకపోవచ్చు. శంకర్‌పల్లి, చేవెళ్ల, మొయినాబాద్, వికారాబాద్ చుట్టుపక్కల చాలా ఫామ్‌హౌసులను స్థలం యజమాని నుంచి ఎవరో లీజుకు తీసుకుని నడుపుతుంటారు. ఒకరిని వదిలేసి ఒకరి మీదే వేస్తే, కమిషన్ ముందు నిలబడి ఆ లేని వ్యక్తి మీదకు నెట్టేస్తారు. ఇద్దరినీ చేర్చండి.

ఆ కట్టడానికి పంచాయతీ అనుమతి ఉందా, వ్యాపారం నడపడానికి లైసెన్సు తీసుకున్నారా అని పంచాయతీ కార్యదర్శికి సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. గ్రామ స్థాయిలో దరఖాస్తుకు ఫీజు లేదు. ముప్ఫై రోజుల్లో జవాబు రావాలి. అనుమతి లేదని తేలితే దానితోనే నిర్లక్ష్యం రుజువైపోదు, కానీ "మా దగ్గర అన్నీ పద్ధతి ప్రకారమే" అన్న మాట ఓనరు నోట మళ్లీ రాదు.

కొన్ని పెద్ద వేదికలు ఇల్లు ఇచ్చినవారికి బీమా కల్పిస్తాయి. ఎయిర్‌బీఎన్‌బీ అయితే అతిథికి గాయమై, ఇల్లు ఇచ్చినవారు చట్టపరంగా బాధ్యులని తేలితే పది లక్షల డాలర్ల వరకు వర్తించే బాధ్యతా బీమా ఉందని ప్రకటించుకుంది. "బాధ్యులని తేలితే" అన్న ముక్కను మరిచిపోకండి. ఆసుపత్రి బిల్లు పంపగానే చెల్లించే పాలసీ కాదది. మీరు బుక్ చేసిన యాప్‌కు అలాంటిది ఉందేమో రాసి అడగండి. ఓనరుకు తన సొంత జేబు కాదని తెలిస్తే అతని స్వరం మారడం నేను చూశాను.

పోలీసుల సంగతి. ఎముక విరిగితే భారతీయ న్యాయ సంహిత దృష్టిలో అది తీవ్ర గాయం. నిర్లక్ష్యంతో తీవ్ర గాయం కలిగిస్తే సెక్షన్ 125(బి) కింద మూడేళ్ల వరకు శిక్ష ఉంది. స్టేషన్లో "ఇది సివిల్ వ్యవహారం" అనే అవకాశమే ఎక్కువ. నా సలహా ఫిర్యాదు ఇవ్వమనే. ఓనరును జైలుకు పంపడానికి కాదు. ఎఫ్‌ఐఆర్ అయితే పోలీసులు స్థలానికి వెళ్లి పంచనామా రాస్తారు, కేర్‌టేకరు వాంగ్మూలం తీసుకుంటారు. మీ అంతట మీరు ఎంత తిరిగినా అవి దొరకవు. మీరు ఉన్న ప్రాంతంలోని స్టేషన్లో ఇచ్చినా జీరో ఎఫ్‌ఐఆర్‌గా తీసుకుని అక్కడికి పంపాలి. తీసుకోకపోతే ఎస్పీకి పోస్టులో పంపండి. కానీ ఆ కేసును బేరానికి ఆయుధంగా వాడకండి. "డబ్బిస్తే కేసు వెనక్కి తీసుకుంటాం" అని మీరు పంపిన మెసేజీ ఒక్కటి చాలు, మీరే దోషుల్లా కనిపించడానికి.

ఎంత వస్తుంది? ఇక్కడే అందరూ ఎక్కువ ఊహించుకుంటారు. పెద్ద మొత్తాలు లేవని కాదు. 2006లో కేరళలోని కోవళంలో ఒక పర్యాటకుడు హోటల్ ఈత కొలనులో మునిగి చనిపోయాడు. అక్కడ కాపలా ఉండాల్సిన లైఫ్‌గార్డుకు బార్ పని కూడా అప్పగించారని తేలింది. జాతీయ కమిషన్ వేసిన 62.5 లక్షల పరిహారాన్ని సుప్రీంకోర్టు 2019లో సమర్థించింది. కానీ అది మరణం, అదీ సంపాదిస్తున్న మనిషిది. మీ కేసులో లెక్క వేరు. ఆసుపత్రి, మందులు, ఫిజియోథెరపీ, ఆయాకు ఇచ్చే జీతం, వాకరు, మీరు సెలవు పెట్టి పోగొట్టుకున్న జీతం, మళ్లీ ఆపరేషన్ అవసరమైతే దాని ఖర్చు, వీటన్నిటి మీద నొప్పికి, బాధకు కొంత. బిల్లున్న ప్రతి రూపాయీ దాదాపుగా వస్తుంది. బిల్లు లేనిదానికి కమిషన్ తనకు తోచిన అంకె వేస్తుంది, అది చాలాసార్లు చిన్నదే. ఆయాకు నగదు ఇస్తున్నట్టయితే ఈ నెల నుంచి ఫోన్‌పే ద్వారానో బ్యాంకు ద్వారానో ఇవ్వండి. నడకలో శాశ్వత లోపం మిగులుతుందా అన్నది చికిత్స పూర్తయ్యాక డాక్టరు చేత శాతంతో సహా రాయించండి. గృహిణి కాబట్టి ఆదాయ నష్టం సున్నా అని ఎదుటివాళ్లు అంటారు. ఇంటి పనికి విలువ కట్టాలని కోర్టులు ఎప్పటి నుంచో చెబుతున్నాయి, ఆమె ఇంట్లో ఏయే పనులు చేసేవారో ఫిర్యాదులో వివరంగా రాయండి.

ఆరోగ్య బీమాలో బిల్లులు వచ్చి ఉంటే దాచకండి. బీమా కంపెనీ అసలు బిల్లులు తీసేసుకుంటుంది కాబట్టి ముందే ధ్రువీకరించిన నకళ్లు తీసుకోండి. బీమా ఇవ్వనిదంతా విడిగా పట్టిక వేయండి.

మీకు నచ్చని మాట కూడా చెప్పాలి. ఆమె తప్పు ఎంత అన్నది అడుగుతారు. దీపం లేని మెట్లు రాత్రి దిగారా, ముందు రోజే రెయిలింగ్ కదులుతోందని మీరెవరైనా గమనించి ఊరుకున్నారా? గమనించి ఉంటే మీ వకీలుకు నిజం చెప్పండి, అతను దానికి తగ్గట్టు రాస్తాడు. ఎదుటివాళ్ల క్రాస్ ప్రశ్నల్లో అది బయటపడితే మీ మిగతా మాటల మీద కూడా నమ్మకం పోతుంది. తాగి ఈత కొలనులోకి దూకిన కుర్రవాళ్ల కేసులు నా దగ్గరకు వస్తుంటాయి. కొలను లోతు రాయకపోవడం ఓనరు తప్పే, అయినా మద్యం మాట చీటీలో కనిపించగానే పరిహారం తెగ్గోసుకుపోతుంది.

అద్దె వాపసు తీసుకోవచ్చు, సంతకం మాత్రం చేయకండి. యాప్ పంపే ఈమెయిల్లో "ఇంతటితో అన్ని క్లెయిములూ పూర్తిగా పరిష్కారమైనట్టు" అన్న వాక్యం ఉందేమో చూడండి. ఉంటే "ఇది అద్దె సొమ్ము వాపసుగా మాత్రమే తీసుకుంటున్నాం, గాయానికి సంబంధించిన హక్కులు వదులుకోవడం లేదు" అని జవాబు రాయండి. ఇరవై అయిదు వేలకు అలా సంతకం పెట్టి, తర్వాత రెండో ఆపరేషన్ అవసరమై వచ్చినవారున్నారు. చికిత్స ఒక కొలిక్కి రాకముందు రాజీ వద్దు. వచ్చాక మాత్రం మంచి రాజీని కాదనకండి. చట్టంలో నోటీసు అందిన మూడు నెలల్లో తేల్చాలని ఉంది, వాస్తవంలో ఏడాది దాటడం మామూలు. కమిషన్ మిమ్మల్ని మధ్యవర్తిత్వానికి పంపే వీలు కూడా ఉంది, ఒప్పుకోండి. మీరు గెలిచి ఓనరు అప్పీలుకు వెళ్తే, వేసిన మొత్తంలో సగం ముందు జమ చేయాలి. ఆ నిబంధన రాజీకి బాగా పనిచేస్తుంది.

సివిల్ కోర్టు మేలని మీ బంధువు ఎవరో అన్నారని రాశారు. 1972లో ఢిల్లీలో ఒక పెద్ద హోటల్ ఈత కొలనులో దూకి పక్షవాతానికి గురైన జర్మన్ కో-పైలట్ సివిల్ దావా వేశాడు. మధ్యలోనే ఆయన చనిపోయాడు. 1997లో హైకోర్టు జడ్జి 50 లక్షలు ఇచ్చారు. అప్పీలులో అది నిలవలేదు, దావా ఆయనతోనే ముగిసిపోయిందన్నారు. వినియోగదారుల చట్టంలోనైతే వినియోగదారు చనిపోతే వారసులు కూడా ఫిర్యాదుదారులు కావచ్చని రాసే ఉంది. మీ అమ్మగారికి నిండు ఆయుష్షు ఉండాలి, కానీ వయసు పైబడినవారి కేసుకు ఈ తేడా చిన్నది కాదు.

మీ ప్రశ్న కింద డాలస్ నుంచి ఒకరు, తాము అద్దెకు తీసుకున్న క్యాబిన్లో ఇలాగే పడ్డామని రాశారు. వారికి పైదంతా వర్తించదు. అక్కడ గడువు రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. టెక్సస్, కాలిఫోర్నియాల్లో సాధారణంగా రెండేళ్లు, న్యూయార్క్‌లో మూడు. ఫ్లోరిడాలో నాలుగేళ్లుండేది, 2023 మార్చి నుంచి రెండే. ప్రమాదం ఏ రాష్ట్రంలో జరిగిందో అక్కడి లాయరుతో మాట్లాడండి. అక్కడ వాటా పద్ధతిలో కేసు తీసుకోవడం మామూలే, మొదటి సంప్రదింపుకు చాలామంది డబ్బు తీసుకోరు.

చివరగా, యాప్‌లో కడిగేసేలా రివ్యూ రాయాలని ఉందన్నారు. రాయండి, కానీ లీగల్ నోటీసు వెళ్లాక, జరిగినదాన్ని తేదీతో రెండు వాక్యాల్లో మాత్రమే. అందులో మీరు రాసే ప్రతి మాటనూ కమిషన్లో మీకే చదివి వినిపిస్తారు.